తాడు మీద చేతులు

నేను ఒక పెద్దవలను. ఇప్పుడు చూస్తే ఎవరూ నమ్మరు లెండి. నాలో ఒక ముక్క కోళ్ల గూటికి తలుపైంది, ఇంకో ముక్క బీరపాదుకు పందిరైంది, మిగిలింది ఇసుకలో పడి కుళ్లుతోంది. ఒకప్పుడు పడవెక్కి సముద్రంలోకి పోయి పరుచుకుంటే, చెరో పక్కా తాడు పట్టుకుని ఊరంతా లాగితే గానీ ఒడ్డుకు వచ్చేదాన్ని కాదు. అంత టెక్కు నాది.

నన్ను ఒక్కరు అల్లలేదు. జాలరి ఇళ్లలో ఇంటికో ముక్క అల్లి తెస్తే, వల పెద్ద ఎల్లాజీ కూర్చుని అన్నీ కలిపి కుట్టాడు. ఎవరి ముక్క బిగువో, ఎవరు మమ అనిపించారో కుట్టేటప్పుడే ఆయనకు తెలిసింది. పైకి అనలేదు. రేపు మళ్లీ ఆ మొహాలే చూడాలి కదా!

ఆ ఊళ్లో ఒక ఆచారం ఉండేది. వల ఒడ్డు తాకేలోగా తాడు మీద చెయ్యి వేసినవాళ్లందరికీ చేపల్లో వాటా ఉంటుంది. ముసలీ ముతకా, పొరుగూరివాడూ, ఎవరైనా సరే. పెంటమ్మ బతుకు ఆ ఆచారం మీదే నడిచేది. మొగుణ్ణి సముద్రం మింగేసింది, వెనకా ముందూ ఎవరూ లేరు. నా తాడు పట్టుకుంటే ఆ పూట పొయ్యి వెలిగేది, లేకపోతే లేదు.

తాడు మీద పడ్డ ప్రతి చెయ్యీ నాకు తెలిసిపోతుంది. గురువులు అనే మహానుభావుడు ఒకడుండేవాడు. "హైలెస్సా" అని అందరికంటే గట్టిగా అరిచేవాడు. మెడనరాలు ఉబ్బేవి, మడమలు ఇసుకలో దిగబడేవి, చెమట కారిపోయేది. తాడు మీద మాత్రం ఈగ వాలినంత బరువుండేది కాదు. పెంటమ్మకు సత్తువ లేదు గానీ, ఉన్న కాస్తా తాడు మీదే పెట్టేది. ఇద్దరికీ ఒకటే వాటా. నాకు ఒళ్లు మండిపోయేది. అయినా చేపలు ఒడ్డుకు వచ్చేవి, ఊరు తినేది.

అలా ఉండగా పట్నం నుంచి మధుసూదనం గారనే ప్రొఫెసరు దిగబడ్డాడు. మనుషులు కలిసి పనిచెయ్యడం ఎలా మొదలైందో ఆయన చదువట. అందరినీ ఇసుకలో కూర్చోబెట్టాడు.

"లక్షల ఏళ్ల కిందట ఒంటరిగా వేటాడినవాడు ఆకలితో పోయాడు. కలిసి వేటాడినవాళ్లు మిగిలారు. మనమంతా వాళ్ల సంతానమే," అన్నాడు. "అయితే ఒకటి. పని ఎగ్గొట్టేవాణ్ణి కనిపెట్టి శిక్షించిన గుంపులే నిలబడ్డాయి."

నాకు నవ్వొచ్చింది. ఆ వేటలో కూడా పొద చాటున కూర్చుని కేకలు పెట్టినవాడు ఒకడు ఉండే ఉంటాడు, మాంసం దగ్గరికి అందరికంటే ముందొచ్చే ఉంటాడు. వాడికీ పిల్లలు పుట్టే ఉంటారు. కాకపోతే మన గురువులు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడు?

ప్రొఫెసరు నా తాడు పట్టుకుని ఫొటో దిగి వెళ్లిపోయాడు. లాగలేదు. ఆయన మాట మాత్రం ఎల్లాజీ బుర్రలో దిగబడిపోయింది. ఎవరు లాగుతున్నారో, ఎవరు నటిస్తున్నారో చూడ్డానికి కాపలా పెడతానన్నాడు.

"నానుంటాను బావా! దొంగపని ఎలాగుంటాదో నాకు తెల్దేటి?" అంటూ గురువులు ముందుకు దూకాడు.

కాపలావాడికీ వాటా ఉంది. లాగక్కర్లేదు. అంత సుఖం దొరికాక ఊరుకుంటారా? గురువులు సరిగ్గా చూస్తున్నాడో లేదో చూడ్డానికి ఇంకొకడు కావాలన్నారు. వాడు గురువులుతో కుమ్మక్కవకుండా మరొకడు. చూస్తుండగానే తాడు పట్టేవాళ్లకంటే తాడు పట్టేవాళ్లను చూసేవాళ్లు ఎక్కువైపోయారు. ఇంతమంది చూస్తున్నప్పుడు ఎవరో ఒకరు దొరకాలి కదా! బలిసినవాణ్ణి పట్టుకుంటే తంతాడు. అందుకని పెంటమ్మను పట్టుకున్నారు.

"అత్తా, నువ్వు తాడుకి ఏలాడతన్నావు గాని లాగట్లేదంట. రేపట్నుంచి రాకు," అన్నాడు ఎల్లాజీ, ఆమె మొహం చూడకుండా.

"నాను లాగట్లేదా? ఎవులన్నార్రా ఆ మాట? నా అరసేతుల తోలంతా ఈ తాడు మీదే ఉన్నాది కదరా!"

ఎల్లాజీ వినలేదు. పెంటమ్మ పస్తులు మొదలయ్యాయి. పక్కిళ్లవాళ్లు గంజి పోస్తే తాగేది, లేకపోతే ఒడ్డున కూర్చుని నన్నే చూసేది. నేను మాత్రం ఏం చెయ్యగలను? వలకు నోరుంటే ఊరు ఊరుగా ఉంటుందా?

ఆ తర్వాత ఒకనాడు కవళ్ల చేపల గుంపు వచ్చింది. సముద్రం తళతళలాడిపోయింది. నా కడుపు నిండిపోయి, ఇంక చాలు లాగండర్రా అని నా ప్రాణం కొట్టుకుంటోంది. లాగేదెవరు? దక్షిణం తాడు దగ్గర నలుగురైదుగురు, గట్టు మీద కాపలావాళ్లు గుంపుగా. "నువ్వు రా", "నాకు కాపలా ఉన్నాది, నువ్వే పో" అని వాదులాట. ఉత్తరం తాడు ముందొచ్చింది, దక్షిణం తాడు వెనకబడింది, నేను అడ్డంగా తిరిగి రాతిగుట్టకు తగులుకున్నాను. పరపరా చిరిగాను. ఒక్క చేప మిగల్లేదు.

అందరూ కలిసి ఒక్క మాట మీదకు రావడం ఆ సాయంత్రమే చూశాను. తప్పు నాదట. వల పాతబడిపోయిందట. చీల్చి పంచుకుందామని తీర్మానించి, అప్పటికప్పుడు కత్తులు పట్టుకొచ్చారు. కాపలావాళ్లలో ఒక్కడూ రాకుండా ఉండలేదు.

పెంటమ్మ కూడా వచ్చింది. నా తాడు కొసను రెండు చేతులకూ చుట్టుకుంది.

"ఇది నా పాలు. అమ్ముకుని నాలుగు రోజులు కూడు తింటాను. వగ్గను."

"నీకు వాటా లేదత్తా, వగ్గీ!" అన్నాడు గురువులు.

ఆమె వదల్లేదు. గురువులు అవతలి కొస పట్టుకున్నాడు. వాడి వెనక ఎల్లాజీ, ఎల్లాజీ వెనక కాపలావాళ్లు, వాళ్ల వెనక ఊరు. అందరూ కలిసి లాగారు. అబ్బ, ఏం బలం! ఒక్క చెయ్యీ వదులుగా లేదు. గురువులు చేతుల్లో అంత జోరుందని నాకు ఆ రోజే తెలిసింది.

పెంటమ్మ ఇసుకలో బోర్లా పడింది. అరచేతులు చెక్కుకుపోయాయి. తల ఎత్తి, నోట్లో ఇసుక ఉమ్మేసి అడిగింది.

"ఈ బలమంతా ఇన్నాళ్లూ ఎక్కడ దాసుకున్నార్రా?"

అప్పటికే అందరూ తాడు ముక్కలు కొయ్యడంలో ఒకరికొకరు సాయం పట్టుకుంటున్నారు.