మూడో రీలు గొంతు

కరెంటు ఫ్యాక్టరీ కాలనీలో బస్సు కోసం గంటసేపు నిలబడి ఎవరైనా ‘ఇంకెంత సేపయ్యా’ అని విసుక్కుంటే, పక్కనున్నవాడు తల కూడా తిప్పకుండా ఒక మాట అంటాడు. “కూసున్నోనికి దూరమేడిది సాబ్, దిగినోనికే దూరం.” చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. ముప్పై మూడేళ్ల నుంచి నవ్వుతూనే ఉన్నారు. టర్బైను ఆగిపోయినా అదే మాట, పెళ్లికొడుకు ఆలస్యంగా దిగినా అదే మాట. రిటైరైన ఫోర్‌మన్ మెడలో దండ వేసి ఇంటికి పంపేటప్పుడూ అదే.

ఆ మాట ఒక సినిమాలోదని అందరికీ తెలుసు. సినిమా పేరు ‘గుర్రం లేని జట్కా’. అయితే సినిమాలో ఆ మాట లేదు. అది సూగురేశ్ నోట్లోంచి వచ్చింది. ఈ సంగతి తెలిసినవాళ్లు లోకం మొత్తంలో నలుగురు. సూగురేశ్, అతని భార్య కావేరి, సినిమా మిషను ఆడించిన యంకప్ప, టెంటు ఓనరు మహాంతేశ్. ఈ నలుగురిలో ఇద్దరికి అవసరాన్ని బట్టి మతిమరుపు వచ్చింది.

కృష్ణ ఒడ్డున చిమ్నీ లేస్తున్న కాలమది. పాలమూరు నుంచి, మస్కి నుంచి, ఎక్కడో బీహారు నుంచి వచ్చిన కూలీలు రేకుల షెడ్లలో ఉండేవాళ్లు. వాళ్ల కోసం మహాంతేశ్ ఒక సినిమా టెంటు వేశాడు. అప్పటికి అతనికి పాతికేళ్లు కూడా లేవు. ‘గుర్రం లేని జట్కా’ పట్నాల్లో నాలుగు రోజులు కూడా ఆడని బొమ్మ. మొదటి రీలులోనే గుర్రం చచ్చిపోతుంది. జట్కావాడు ఆ సంగతి ఎవరికీ చెప్పడు. పగ్గాలు పట్టుకుని అలాగే కూర్చుంటాడు. జనం ఎక్కుతారు. ఎక్కినవాడు దిగడు. పంతులు ఎక్కి అందులోనే బడి పెడతాడు, ఒక జంటకు అందులోనే పెళ్లవుతుంది, పట్టుకుపోవడానికి వచ్చిన పోలీసు కూడా జరగమని చెప్పి కూర్చుంటాడు. బొమ్మ అయిపోయేదాకా జట్కా జానెడు కదలదు. చదువుకున్నవాళ్లు ఇదేం సినిమా అని లేచిపోయారు. పంపినవాళ్లు ప్రింటు వెనక్కి కూడా అడగలేదు.

ఆ ప్రింటు టెంటులో పడి ఉంది. యంకప్ప మిషనులో పళ్లచక్రం అరిగిపోయి, ఫిల్ము అంచున శబ్దం ఉండే గీతను గీకేసింది. మూడో రీలుకు వచ్చేసరికి మాటలు పోయి బుర్రుమనే చప్పుడే మిగిలేది. మొదటి రోజే జనం చెప్పులు చేతిలోకి తీసుకున్నారు. మహాంతేశ్ చెమటలు తుడుచుకుంటూ వచ్చి, పగలంతా బండి మీద తిరిగి బొమ్మ గురించి అరిచే సూగురేశ్ చేతిలో మైకు పెట్టాడు.

“ఏదో ఒకటి మాట్లాడు పో. లేకుంటే టెంటు మిగల్దు.”

సూగురేశ్ చదివింది ఐదో తరగతి. మాట్లాడమంటే మాట్లాడాడు. జట్కావాడికి తెలుగు పెట్టాడు, పోలీసుకు ఉర్దూ పెట్టాడు, పంతులుకు కన్నడం పెట్టాడు. పెళ్లికూతురికి సన్నగొంతు పెట్టి మూడు భాషల్లోనూ ఏడ్చాడు. ఎవరి భాష వచ్చినప్పుడు వాళ్లు ఈలలు వేశారు. ఆ తరువాత బొమ్మ మారిస్తే జనం ఒప్పుకోలేదు. యంకప్ప కొత్త చక్రం తెస్తానంటే మహాంతేశే వద్దన్నాడు. వారానికి ఒకరోజు ‘జట్కా’ ఆడాల్సిందే, మూడో రీలులో తెర పక్కన పరదా చాటున సూగురేశ్ లేచి నిలబడాల్సిందే. అలా నాలుగేళ్లు.

ఆ పనికి ఒక మర్యాద ఉండేది. మైకు పట్టినవాడు తన పేరు చెప్పరాదు, ఓనరు నోరై మాట్లాడాలి. “అన్నలారా అక్కలారా, నేను మహాంతేశ్‌ను, మీ టాకీసు ఓనర్ను, చేతులెత్తి మొక్కుతున్నా, లోపలికి రాండ్రి” అని బండి మీదా, ఆట మొదలయ్యే ముందు టెంటు మైకులోనూ సూగురేశే అరిచేవాడు. ఏ టెంటు ముందైనా అంతే, ఓనరు ఇంట్లో పడుకుని ఉంటే అతని నమస్కారం ఊరంతా తిరిగేది. ఒకనాడు మహాంతేశ్ టేపురికార్డరు తెచ్చి స్పీకరు పక్కన పెట్టి ఆ రోజు ఆట మొత్తం పట్టాడు. ఆ క్యాసెట్టుకు కాపీలు తీశారు. మస్కి చాయ్ హోటళ్లలో, ముదగల్ బస్సుల్లో అది మోగింది. బొమ్మ చూడనివాళ్లు కూడా మాటలు నేర్చుకున్నారు.

తరువాత టెంటు లేచిపోయింది. మహాంతేశ్ కాంట్రాక్టరయ్యాడు, బూడిద మోసే టిప్పర్లు కొన్నాడు, కాలనీ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. సూగురేశ్ గేటు దగ్గర సైకిళ్ల స్టాండు చూసుకున్నాడు. ఐదేళ్ల కింద గొంతులో గడ్డ లేస్తే కోసి తీశారు. అప్పటి నుంచి మాట్లాడితే చేటలో పొట్టు చెరిగినట్టు ఉంటుంది. తన మాటలు జనం నోట్లో వినడమే అతనికి మిగిలింది. అదేం చిన్న విషయం కాదు. బస్టాండులో ముక్కూమొహం తెలియనివాడు తన మాట అని నవ్వితే, ఆ పూట అన్నం రుచిగా ఉండేది.

చాయ్ హోటల్లో గోడకు అంటించిన కాగితం చూసేదాకా అలాగే గడిచింది. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు కాలనీ హాల్లో ‘గుర్రం లేని జట్కా’. మన కాలనీ విన్నట్టుగానే, పాత క్యాసెట్టు శబ్దంతో. కింద పెద్ద అక్షరాల్లో: గొంతు – శ్రీ మహాంతేశ్ గారు.

రెండుసార్లు కూడబలుక్కుని చదివాడు. చాయ్ తాగకుండా ఇంటికి వచ్చి కావేరికి చెప్పాడు.

“నీకిప్పుడు తెలిసిందా?” అంది కావేరి, చేటలో బియ్యం ఏరుతూ. “వాని బిడ్డ పెండ్లిల గూడ గదే చెప్పుకున్నడు. నువ్వు పక్కన నిలబడి బూంది తిన్నవు.”

“నాకు వినబడలే.”

“వినబడే ఉంటది. సావుకారు ముంగట నీ చెవులు పని జెయ్యవు.”

సూగురేశ్ నేరుగా యంకప్ప ఇంటికి పోయాడు. యంకప్ప కంటికి శుక్లం వచ్చింది, అయినా అడుగుల చప్పుడుతోనే గుర్తుపట్టాడు.

“రా సూగురన్నా. కాగితం సంగతేనా? నా కొడుకు చదివి చెప్పిండు. గిదేం అన్యాలం అన్నా.”

“హాల్ల అందరి ముంగట చెప్తవా? చెప్పులు పడంగ మైకు ఎవ్వని చేతిల ఉండెనో, గంతే. ఎక్కువొద్దు.”

“సూగురేశ్వరుని ఆన. మిషను కాడ నిలబడి సూసింది నేను గాదా? నేను చెప్పకుంటె ఎవడు చెప్తడు?”

యంకప్ప కొడుకు నడిపే టిప్పరు మహాంతేశ్‌దే. సూగురేశ్‌కు ఆ సంగతి తెలియదా అంటే తెలుసు. దేవుని మీద ఆన పెట్టాడు కదా అనుకున్నాడు. ఇరవై నాలుగేళ్ల వయసులో ఒకే గుడారంలో ఒకే ముంతలో నీళ్లు తాగినవాడు కదా అనుకున్నాడు.

ఆదివారం హాలు నిండిపోయింది. కాలనీలోనే పుట్టి, అక్కడే ఇంజనీరయిన రక్షిత ఈ ఆటంతా ఏర్పాటు చేసింది. తన తండ్రి ఈ క్యాసెట్టు వింటూ డ్యూటీకి తయారయ్యేవాడని చెప్పింది. ముందు మూడో రీలును అసలు శబ్దంతో కొంచెం చూపించింది. ఇంటర్నెట్టులో దొరికిన శుభ్రమైన ప్రింటు. జట్కావాడు వెనక్కి తిరిగి “కొంచెం ఓపిక పట్టండి బాబూ, వచ్చేస్తాం” అన్నాడు. హాల్లో ఒక్కరూ నవ్వలేదు. ఎవరో ఆవులించారు. చూశారా, నేను లేకుంటే ఇది ఉత్త జట్కాయే అనుకున్నాడు సూగురేశ్.

అప్పుడు మహాంతేశ్‌ను స్టేజీ మీదకు పిలిచి శాలువా కప్పారు. అతను గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

“ఆ దినం సౌండు పోయింది. జనం చెప్పులు తీసిన్రు. నా కాళ్లు వణికినయి. మైకు అందుకున్న. మొదటి మాట ఏం రావాలె అని జట్కావాని మొకం దిక్కు సూసిన. వాడు నోరు తెరిచిండు, నేను తెరిచిన.”

సూగురేశ్ ఈ మాటలు కావేరికి తప్ప ఎవరికీ చెప్పలేదనుకున్నాడు. తరువాత గుర్తొచ్చింది. ఆ రోజు ఆట అయ్యాక సంబరం పట్టలేక మహాంతేశ్‌కే చెప్పాడు. కాళ్లు వణికిన సంగతి కూడా.

లేచి నిలబడ్డాడు. “అది నేను” అన్నాడు. పొట్టు రాలినట్టు వచ్చింది. ముందు వరుసవాళ్లకే వినబడింది. రక్షిత మైకు తీసుకుని దగ్గరికి వచ్చింది.

“ఏమంటున్నరు కాకా?”

“మూడో రీలుల మాట్లాడింది నేనమ్మా. సావుకారు కాదు.”

మహాంతేశ్‌కు కోపం రాలేదు. అదే సూగురేశ్‌ను ఎక్కువ కాల్చింది. “సూగురన్న మన మనిషే అమ్మా” అన్నాడు అతను మెత్తగా. “బండి మీద తిరిగి అరిచేటోడు. పాపం, గొంతు ఆపరేషన్ అయినంక మనసు బాగుంటలేదు.”

“మరి క్యాసెట్టుల మొదటి మాటే పేరు చెప్తది గద కాకా” అని రక్షిత నొచ్చుకుంటూనే మీట నొక్కింది. స్పీకర్లలోంచి నిండుగా, వయసులో ఉన్న గొంతు వచ్చింది. “అన్నలారా అక్కలారా, నేను మహాంతేశ్‌ను.”

హాలు చప్పట్లు కొట్టింది.

ఆ గొంతు తనదే. తన గొంతే తన మీద సాక్ష్యం చెప్తోంది. “గా కాలంల ఓనరు పేరే చెప్పాలె తల్లీ, గదే రివాజు” అన్నాడు. చెప్తుంటే తనకే అది అబద్ధంలా వినబడింది. మైకు పట్టినవాడు తన పేరు తానే మింగేసే రివాజు ఒకటి ఉండేదని, సెల్లుఫోన్లు పట్టుకున్న ఈ పిల్లలు ఎట్లా నమ్ముతారు?

“యంకప్పను అడుగున్రి” అన్నాడు. “మిషను ఆడించినోడు. ఆడ కూసున్నడు.”

యంకప్ప మెల్లగా లేచాడు. పక్కన నిలబడ్డ కొడుకు భుజం పట్టుకున్నాడు. శుక్లం పట్టిన కళ్లు స్టేజీ వైపు తిప్పి రెండు చేతులు జోడించాడు.

“గొంతు సావుకారుదే” అన్నాడు.

ఊరుకుంటే ఊరుకున్నాడనుకునేవాడు సూగురేశ్. దానికి కూడా సిద్ధపడే వచ్చాడేమో. యంకప్ప ఊరుకోలేదు, నోరు తెరిచి చెప్పాడు. సూగురేశ్ ఇంకా నిలబడే ఉన్నాడు. వెనక వరుసలోంచి ఎవడో సరదాగా కేక వేశాడు. “కూసో కాకా. కూసున్నోనికి దూరమేడిది సాబ్.”

హాలంతా పగలబడి నవ్వింది. రక్షిత కూడా నవ్వు ఆపుకోలేక మొహం పక్కకు తిప్పుకుంది.

అతను బయటికి వచ్చేశాడు. మెట్లు దిగి సైకిలు తీసుకుని ఇంటికి పోవాలి, కావేరికి ఏదో ఒకటి చెప్పాలి. రెండో మెట్టు మీద ఉండగా లోపల దీపాలు ఆర్పారు. మూడో రీలు మొదలైంది. వయసులో ఉన్న గొంతు మూడు భాషల్లో ఎగురుతూ తలుపు సందులోంచి బయటికి వచ్చింది. వెనకే నవ్వు వచ్చింది.

టెంటులో ఉన్నప్పుడు స్పీకరు చెవి పక్కనే ఉండేది. తన అరుపు తనకే తిరిగి వచ్చి కొట్టేది. జనం నోళ్లు తెరుచుకోవడం కనబడేది గాని, నవ్వు ఇంత నిండుగా ఏనాడూ వినలేదు. ఆడవాళ్ల నవ్వు వేరుగా, ముసలివాళ్ల దగ్గుతో కలిసిన నవ్వు వేరుగా, మొత్తం వినబడుతోంది. అక్కడే కూర్చున్నాడు.

తలుపు తెరుచుకుంది. యంకప్ప గోడ తడుముకుంటూ వచ్చి పక్కన నిలబడ్డాడు.

“అన్నా, పిల్లగాని టిప్పరు...”

సూగురేశ్ తలుపు సందు వైపు తల తిప్పాడు.

“ఆన తప్పిన. నన్ను తిట్టు అన్నా. చెప్పుతోని కొట్టు. రక్షిత మేడం ఒక్కతే ఉన్నప్పుడు పోయి నిజం చెప్పొస్త, రేపే పోత.”

“హాల్ల అబద్ధం, చాటుకు నిజమా? అక్కర లేదు.”

యంకప్ప మెట్టు మీద కూర్చోబోయాడు. అతనికి చోటు కావాలంటే సూగురేశ్ ఒక జానెడు జరగాలి. జరగలేదు. యంకప్ప అలాగే సగం వంగి నిలబడ్డాడు.

“అన్నా, నేను...”

“సప్పుడు జెయ్యకు” అన్నాడు సూగురేశ్, చెవి తలుపు వైపు పెట్టి. “పంతులు ఎక్కుతున్నడు. టేపు పట్టిననాడు గాడ నాకు దగ్గొచ్చి ఒక మాట పోయింది. నవ్వుతరో లేదో ఇననియ్యి.”

లోపల పంతులు జట్కా ఎక్కాడు. కుర్రగొంతు ఒకసారి దగ్గింది. హాలు దానికి కూడా నవ్వింది.