మార్ఫిన్ కోసం పికెటింగ్

మందుల షాపతను నర్సు రాసిచ్చిన చీటీ వెనక్కి తోశాడు.

"ఇది చెల్లదు వెర్నా. నర్సు రాబిన్‌తో డాక్టరు ఒప్పందం రద్దు చేసుకున్నాడు. పైన డాక్టరు లేకుండా నర్సు మార్ఫిన్ రాస్తే ఇవ్వకూడదు. చట్టం."

"ఆ డాక్టరు మా ఆయన మొహమైనా చూశాడా?"

షాపతను తర్వాతి మనిషిని పిలిచాడు. ఇంట్లో వెర్నా మొగుడు డ్యూయీ ఎముకల క్యాన్సరుతో దిండు కొరుకుతున్నాడు. బొగ్గు తవ్వి తవ్వి అరిగిపోయిన మనిషి. ఈ కొండల్లో వైద్యమంటే నర్సు రాబిన్ ఒక్కతే. రోగం కనిపెట్టేదీ, మందు రాసేదీ ఆమె. దిగువ పట్నంలో కూర్చుని ఆమె చీటీలకి సంతకం అమ్ముకునేది డాక్టరు. ఇప్పుడాయన సొంత ఆసుపత్రి తెరిచాడు. నొప్పి ఉన్నవాళ్లు అక్కడికే పాక్కుంటూ రావాలట!

డాక్టరు సంతకం లేకుండా నర్సులే మందు రాసే బిల్లుకి కూడా ఆయనే అడ్డుపడుతున్నాడు. గని కార్మికుల యూనియన్ హాల్లో దీని మీద మీటింగు పెట్టారు.

"ఆ నొప్పి మాత్రల మత్తే నా కొడుకుని మింగింది. అవి రాసే అధికారం ఇంకొకరికి కూడా ఇస్తారా?" అని లేచాడు ముసలి హార్లన్.

"నీ కొడుక్కి డబ్బాలకి డబ్బాలు రాసిందెవరు? ఈ డాక్టరే కదా!" అంది రాబిన్. "ఆయన్ని ఎవరూ అడగలేదు. అనుమానపు చూపులన్నీ నా మీదే."

హార్లన్ ఆమె దగ్గరికి నడిచాడు.

"సరే, రాసింది ఆయనే. ఆయన ఆసుపత్రి గేటు ముందు నిలబడదాం. మనకొచ్చిన విద్య అదేగా" అన్నాడు.

మర్నాడు ఆసుపత్రి గేటు ముందు గని కార్మికులు వరస కట్టారు. రోగులకి దారి వదిలారు. సరుకు లారీల డ్రైవర్లు పికెటింగ్ చూసి బళ్లు వెనక్కి తిప్పారు. ఆ కొండల్లో పుట్టినవాడెవడూ సమ్మె వరస దాటడు. వెర్నా డ్యూయీని ట్రక్కులో పరుపు మీద పడుకోబెట్టి తెచ్చింది. అతని అరుపులు మేడ మీదికి వినిపించాయి.

డాక్టరు గేటు లోపలే నిలబడ్డాడు. "లోపలికి తీసుకురండి. సూది వేస్తాను."

"రాబిన్‌తో ఒప్పందం మళ్లీ చేసుకుంటావా?" అన్నాడు హార్లన్. "నర్సులు సొంతంగా మందు రాసే బిల్లుకి అడ్డుపడటం మానతావా?"

"అది వేరే విషయం."

"పోదాం డ్యూయీ, దారి వదిలారుగా! నీ కాళ్లు పట్టుకుంటా" అని ఏడ్చింది వెర్నా.

"నా జన్మలో వరస దాటలేదు. నాకొక్కడికి సూదేస్తే మిగతావాళ్లు?" డ్యూయీ పళ్లు బిగించాడు. "ఆయన్నే బయటికి రమ్మను."

డాక్టరు రాలేదు. పొద్దు వాలకముందే డ్యూయీ అరుపులు ఆగిపోయాయి.

వెర్నా అతని కళ్లు మూసింది. పోలీసులు ట్రక్కు తీయమన్నారు. ఆమె గేటు ఊచలు పట్టుకుంది.

"ఈయనకి ఇంక నీ సంతకం అక్కర్లేదు డాక్టరూ. మా కొండ మీద ఇంకా మూలుగుతున్న వాళ్లున్నారు. వాళ్లకి కావాలి. మేం కదలం."

హార్లన్ ఆమె పక్కన రోడ్డు మీద కూర్చున్నాడు. వెనక జనమంతా కూర్చున్నారు.