ఆ రక్తం కాదు

పాలిష్ మిషను దిగిన బండను ఎత్తి గోడకు ఆనించేసరికి శివకుమారికి కింద తడి తగిలింది. నీళ్ల తడి కాదని ఆమెకు తెలుసు. వెనక్కి తిరిగి చూసుకోకముందే మేస్త్రీ చూశాడు. మొహం పక్కకు తిప్పుకుని, "ఇంటికి పోమ్మా" అన్నాడు. ఒక పూట కూలి పోయింది.

బేతంచెర్ల బండల ఫ్యాక్టరీలో మిషన్లకు నీళ్లు పొద్దస్తమానం కారుతూనే ఉంటాయి. ఆడవాళ్లు మరుగున కూర్చోవడానికి మాత్రం నాలుగు గోడలు లేవు. అందుకే వాళ్లు పొద్దున తాగిన చెంబెడు నీళ్లతో చీకటి పడేదాకా నెట్టుకొస్తారు. కడుపు గట్టిపడి రాయవుతుంది. ఆ రాయినీ మోయవలసింది వాళ్లే.

మొదటిసారి చీర మీద మరక చూసి అత్త భీమక్క, "ఏమ్మే, బయట చేరినావా?" అని అడిగితే శివకుమారి తలూపింది. ఆమె చేసిన తప్పల్లా అదే. మొలలని ఏ నోటితో చెబుతుంది? ముట్టు వస్తే ఊరు పక్కకు తొలుగుతుంది, మొలలొస్తే పగలబడి నవ్వుతుంది. తలూపిన పాపానికి మూడు రోజులు వంటింటి గడప తొక్కనివ్వలేదు. పది రోజులకే మళ్లీ మరక, మళ్లీ బయటే. ఇంటిల్లిపాదీ శ్రీశైలం పోయిననాడు కూడా ఆమె ఒక్కతే వసారాలో కూర్చుంది.

ఎవరికీ చెప్పకుండా ఒకసారి సర్కారు ఆస్పత్రికి పోయింది. డాక్టరమ్మ అంజలి పరీక్ష చేసి మెత్తగానే చెప్పింది. "లోపలి మొలలమ్మా, భయపడాకు. నీళ్లు బాగా తాగాల. ఆకుకూరలు తినాల. వచ్చినప్పుడు ఆపుకోవద్దు. విరేచనం మెత్తబడేదానికి పొడి రాస్తాండా, గోరువెచ్చని నీళ్లల్లో కాసేపు కూర్చో. అప్పటికీ తగ్గకపోతే కర్నూల్లో ఆ మొలకు చిన్న రబ్బరు బ్యాండు వేస్తారు, అదే ఎండి రాలిపోతాది. మరీ ముదిరితేనే కోత."

శివకుమారి అన్నిటికీ తలూపింది. నీళ్లు తాగితే ఎక్కడికి పోవాలో మాత్రం అడగలేకపోయింది.

ఈ రోజు ఇంటికొచ్చేసరికి అరుగు మీద సూదుల డాక్టరు పుల్లన్న కూర్చుని ఉన్నాడు.

"నెలకు మూడుసార్లు బయట చేరితే ఇంగేముండాది భీమక్కా? గర్భసంచి చెడిపోయినట్టే. తీసేపిస్తే పీడ పోతాది. టౌన్లో నాకు తెల్సిన నర్సింగ్ హోమ్ ఉండాది."

మనిషిని చేర్పిస్తే పుల్లన్నకు ముట్టేది ముడుతుందని ఊరంతా ఎరిగిందే. అయినా జ్వరమొస్తే పిలిచేది ఆయన్నే.

శివకుమారి మొగుడు చంద్ర తల్లి వైపు చూసి, "ఇద్దరు పిల్లోళ్లు ఉండారు కదమ్మా, ఇంక ఆ సంచితో పనేముండాది?" అన్నాడు. ఎవరి సంచో ఆమెను ఎవరూ అడగలేదు. శివకుమారికి ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

సాయంత్రానికి నలుగురూ నర్సింగ్ హోమ్‌లో ఉన్నారు. సిస్టరు పచ్చ గౌను చేతికిచ్చి, "మార్చుకుని పండుకోమ్మా, పొద్దున్నే ఆపరేషను" అంది.

మింగలేక కక్కలేక ఇన్నాళ్లు గొంతులో పెట్టుకున్న మాట అప్పుడు బయటపడింది.

"ఇది ఆ రక్తం కాదు. నాకు మొలలు. దొడ్డికి పోయే తావు నుంచి పడతాండాది."

చంద్ర తల దించుకున్నాడు. భీమక్క కోడలి నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయింది. "సిగ్గులేదా? మగోళ్ల ముందర ఏం మాటలే అవి!"

పుల్లన్న నవ్వాడు. "భయానికి ఏందేందో అంటాండాది. ఇన్నాళ్లూ బయట అని చెప్పింది నువ్వే కదమ్మా?"

నిజమే, తలూపింది తనే అనుకుంది శివకుమారి. సర్కారు డాక్టరమ్మ చెప్పిందని అంటే, ఎవరికి చెప్పి పోయినావంటారు.

"పండుకోవే" అంది అత్త.

"నేను పండుకోను."

ఆ మాట ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. సిస్టరు మంచం మీద దుప్పటి సర్దుతోంది. పుల్లన్న, చంద్ర టీ తాగడానికి బయటికి పోయారు. శివకుమారి మాత్రం గౌను కింద పడేసి, గోడకు ఆనుకుని నిలబడే ఉంది.