పురుగు పెట్టిన వరుస

సర్దుడమ్మ చేతికి చిక్కిన వస్తువు మళ్లీ దాని సొంతదారుకు చిక్కదని ఇంట్లో అందరూ అనేవాళ్లు. ఒకసారి భర్త కళ్లజోడు మందుల డబ్బాలో దొరికింది. "కళ్లకు సంబంధించిందే కదా, కంటి చుక్కల పక్కన పెట్టాను" అంది ఆవిడ, తప్పంతా వెతకడం రానివాళ్లదే అన్నట్టు. ఇరవై రెండేళ్లుగా ఇల్లు అద్దంలా ఉంచుతున్నా ఒక్కరూ మెచ్చుకున్న పాపాన పోలేదు. అందుకే నీళ్ల ఆఫీసు పాత రికార్డుల గదిలో సహాయకురాలు కావాలని తెలియగానే పరుగెత్తింది. సర్దితే విసుక్కునే చోటు నుంచి, సర్దినందుకు కుర్చీ వేసే చోటికి! మూడు నెలలు తాత్కాలికం, పని నచ్చితే ఖాయం అన్నారు. ఆవిడ పంచప్రాణాలూ ఆ కుర్చీ మీదే పెట్టుకుంది.

రికార్డుల గది పెద్దాయన ముక్కోపి. మొదటిరోజే మూడు ముక్కలు చెప్పాడు.

"ఇక్కడ పెన్ను ముట్టుకోవద్దు, పెన్సిలే. గుండుసూది గుచ్చొద్దు. మూడోదే అసలైంది. కాగితాలు ఏ వరుసలో వచ్చాయో ఆ వరుసలోనే ఉండాలి. చూడ్డానికి చిందరవందరగా ఉన్నా సరే, కదపకూడదమ్మా."

మొదటి రెండూ ఆవిడ బుర్రకెక్కాయి. మూడోది మాత్రం, సర్దడం చేతకాని మగవాడు చెప్పుకునే సాకు అనుకుని ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసింది.

అయినా రెండున్నర నెలల పైనే చేతుల దురద ఓర్చుకుని, దుమ్ము దులుపుతూ, కనపడిన పురుగునల్లా నలిపేస్తూ, తుప్పు పట్టిన సూదులు తీస్తూ, జాబితాలు రాస్తూ గడిపింది. ఆఖరి వారంలో మేస్త్రీ కట్ట చేతికొచ్చింది. ఊరంతటికీ మొదట గొట్టాలు వేయించిన మేస్త్రీ రాసిన కాగితాలవి, రెండువందల పద్నాలుగు, చాలావాటికి పురుగు కొట్టిన చిల్లులు. పై కాగితం ఒక ఏడాదిది, దాని కిందది మూడేళ్ల తర్వాతది, ఆ కిందది మళ్లీ మొదటి ఏడాదిది. 'ఈయనతో వేగిన ఇల్లాలెవరో గానీ, పాపం!' అనుకుంది. బుధవారం పెద్దాయన భోజనానికి వెళ్లొచ్చేలోగా కట్ట విప్పి, తేదీల ప్రకారం చకచకా పేర్చేసింది. రెండున్నర నెలల్లో అంత హాయి ఎరగదు.

సాయంత్రం పెద్దాయన చల్లగా చెప్పాడు.

"శుక్రవారం ఇంజనీరు వస్తాడు, మేస్త్రీ కట్ట తీసిపెట్టు. బడి వీధి తవ్వాలట, పాత గొట్టం ఎటు పోయిందో చూడాలి. ఆ మేస్త్రీ మాటల్లో మహా పిసినారి. వీధి పేరు మొదటి కాగితంలో ఒక్కసారే రాస్తాడు. దాని వెనకున్నవాటిలో 'మునుపు చెప్పిన చోటే' అని ఊరుకుంటాడు. ఆ వీధి గొడవ తీరితేగానీ ఇంకో వీధి కాగితాలు మొదలవ్వవు. వరుస పోయిందంటే ఏ గొట్టం ఎక్కడుందో ఆ మేస్త్రీ లేచొచ్చినా చెప్పలేడు."

సర్దుడమ్మ గుండెల్లో రాయి పడింది. ఆయన వెళ్లాక కట్ట తిరగేసింది. మునుపు చెప్పిన చోట కారుతోంది, మునుపు చెప్పిన చోట ఆగింది, మునుపు చెప్పిన చోట మళ్లీ కారుతోంది. ఏ వీధి లీకు ఏ వీధిలో కలిసిందో తెలియదు. శుక్రవారంతోనే ఆవిడ మూడు నెలలూ ముగుస్తాయి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల!

ఇంటికొచ్చేసరికి అత్తగారు పెట్టెలోంచి పాత ఉన్ని దుప్పటి తీసి చూసుకుంటోంది. కోడలి చెయ్యి అలవాటుగా దాని మీదికి పోయింది.

"విప్పకే తల్లీ!" అని అత్తగారు కేకేసింది. "మడత మీద ఒకటే చిల్లు. విప్పితే పదహారు!"

సర్దుడమ్మ ఆ చిల్లు మీదికి వంగింది. "అత్తయ్యా, మళ్లీ చెప్పండి!"

"ఏముంది చెప్పడానికి? పురుక్కి మడతలని తెలుస్తుందా? ఎదురొచ్చినదల్లా కొరుక్కుంటూ ఈ కొస నుంచి ఆ కొసకు పోయింది."

కోడలు అత్తగారిని గట్టిగా వాటేసుకుంది. పెళ్లయిన నాటి నుంచి ఎరగని ముచ్చట కనక, అత్తగారు కంగారుపడి ఆవిడ నుదుటి మీద చెయ్యేసి చూసింది.

గురువారం పొద్దున్నే, పెద్దాయన కంటపడకుండా, కాగితాలన్నీ వెనకగదిలో పొడవు బల్ల మీద పరిచింది. పురుగు కట్ట పైనుంచి దూరి, కాగితం కాగితానికీ కాస్త కుడివైపు జరుగుతూ కిందికి దిగింది. ఒకదాని చిల్లు పక్కదాని చిల్లుకు సరిగ్గా అతికితేనే అవి ఇరుగుపొరుగు. రెండున్నర నెలలుగా కనపడితే నలిపేస్తున్న పురుగుకు మనసులోనే దణ్ణం పెట్టుకుంటూ, మెడ పట్టేసేదాకా పేర్చింది. శుక్రవారం ఉదయానికి రెండువందల ఏడు కాగితాలు తమ తమ చోట్లకు చేరాయి. బడి వీధి దాని పదకొండు లీకులతో సహా దొరికింది.

ఏడు మిగిలాయి. అన్నీ అరచేతంత చీటీలు, పురుగు దారికి అడ్డు రాక ఒక్కదానికీ చిల్లు పడలేదు.

ఎక్కడో ఒకచోట దూర్చేస్తే సరి. మేస్త్రీ లేచి రాడు, పురుగు సాక్ష్యం చెప్పదు. ఆవిడ చెయ్యి సగం దాకా వెళ్లింది కూడా. తీరా వేరే వీధి కాగితం బడి వీధిలో దూరితే, రేపు గునపం పడేది ఎక్కడ? ఆ ఏడూ పట్టుకుని తిన్నగా పెద్దాయన బల్ల దగ్గరికెళ్లి, చేసిందంతా ఒక్క గుక్కలో చెప్పేసింది.

పెద్దాయన ముఖం కందగడ్డయింది. భూతద్దం తీసుకుని, ఒక్కొక్క చిల్లూ చూసుకుంటూ గంటసేపు కట్ట తిరగేశాడు. ఈలోగా ఇంజనీరు రానే వచ్చాడు. పది నిమిషాల్లో తనకు కావలసింది రాసుకున్నాడు.

"ఎంత బాగా పెట్టారండీ వరుస! ఎవరు చేశారు?"

"మా దగ్గర పనిమంతులైన పురుగులున్నాయి" అన్నాడు పెద్దాయన, నవ్వకుండా.

ఇంజనీరు వెళ్లాక ఆవిడ ముందు ఒక చీటీ పెట్టాడు. "జరిగింది రాయి. ఇది కట్టతోపాటే ఉంటుంది."

'ఎలాగో వరుస మారినది' అని రాసిందావిడ.

"ఎలాగో అంటే? కాగితాలు లేచి నడిచాయా?"

'నేను మార్చితిని. పురుగు చిల్లులను బట్టి తిరిగి పేర్చితిని. ఏడు కాగితముల చోటు తెలియదు.' అంతవరకూ రాసి, కింద సంతకం పెట్టి, 'తాత్కాలిక సహాయకురాలు' అని చేర్చింది. మూడు నెలలూ అయిపోయాయి, ఇక ఇంటికే అనుకుంటూ పెన్సిలు దాని డబ్బాలో పెట్టేసింది.

పెద్దాయన చీటీ తీసుకుని చదివాడు. రబ్బరు తీసి ఒక మాట చెరిపాడు.

"ఈ చీటీ వందేళ్లుంటుందమ్మా. ఇందులో తాత్కాలికం ఏమిటి?"

ఆవిడకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక కళ్లు నిండిపోయాయి.

"ఏడిస్తే బయటికెళ్లి ఏడువు" అని పెద్దాయన కట్టను గబగబా తనవైపు లాక్కున్నాడు. "కాగితాలకు తడి పడదు."

ఆవిడ వరండాలో నిలబడి తనివితీరా ఏడ్చి, చేతులు శుభ్రంగా తుడుచుకుని, తన కుర్చీ దగ్గరికి వచ్చింది.