పింపళ్‌దరా పొద్దుటి బస్సు

గయాబాయి మూడో రొట్టె తడుతోంది. జొన్నపిండి అరచేతి కింద గుండ్రంగా పరుచుకుంటుంటే, మోచేతుల దాకా చెరకాకు కోసిన పాత గీతలు కదులుతున్నాయి. రాత్రి ఊళ్లో ఆగే బస్సు డ్రైవరుకీ కండక్టరుకీ వంతులవారీగా తిండి పెట్టడం పింపళ్‌దరా వాడుక. దసరా వెళ్లగానే వయసులో ఉన్నవాళ్లంతా చెరకు కొట్టడానికి లారీలెక్కి పోతారు. తాళం పడ్డ ఇళ్ల వంతులన్నీ గయాబాయే నెత్తినేసుకుంది. తిండి దొరక్కపోతే బండి ఊళ్లో ఆగదు. ఆగకపోతే మనవరాలు సుమన్ తాలూకా బడికి పోవడం కుదరదు. బడి మానిన పిల్లని కొడుకు చెరకుతోటకి తీసుకుపోతాడు, ఆ తరవాత జన్మంతా కొడవలే. కంఠంలో ప్రాణం ఉండగా అది జరగనివ్వనని గయాబాయి పట్టు.

ఇప్పుడా బండికే గండం వచ్చింది. కాగితాల మీద ఊరి జనం బోలెడుమంది, బస్సులో మాత్రం పట్టుమని పదిమంది లేరని డిపోవాళ్ల సణుగుడు. ఊరి బాట పెద్దరోడ్డులో కలిసే ఫాటా దగ్గర ఇవాళ తనిఖీ అధికారి ఎక్కుతాడట. సగం సీట్లైనా నిండకపోతే ఇక బండి రాదు.

రొట్టెలు కండక్టరు చేతిలో పెట్టి, గయాబాయి ఇల్లిల్లూ తిరిగింది.

"లే, అంజనక్కా! బస్సెక్కాలి."

"తాలూకాలో నాకేం పనే?"

"ఏ పనీ లేదు. ఎక్కి కూర్చో, అదే పని."

"పళ్లు లేవు, కళ్లు లేవు, షికారొకటి!" అంటూనే అంజనక్క మంచి చీర వెతుక్కుంది.

ఇంటికొచ్చేసరికి, జ్వరంతో మంచం పట్టిన మొగుడు ధోండిబా గుమ్మం ఆనుకుని నిలబడి ఉన్నాడు. పొడుగు మనిషి, ఈమధ్య బాగా వంగిపోయాడు. అప్పుడే టోపీ కూడా పెట్టేసుకున్నాడు.

"నువ్వెక్కడికయ్యా? పడుకో."

"ఊళ్లో ముసలోళ్లందర్నీ లేపి నన్నొదిలేస్తావా? నేనూ మనిషినే కదే."

"దారిలో ఏమన్నా అయితే?"

"దవాఖానా ఉన్నదీ ఆ దారినే. నడువు."

గయాబాయి అతని భుజాల చుట్టూ శాలువ కప్పింది. నిజానికి గట్టిగా ఆపాలనీ అనుకోలేదు. ఒక్క సీటు కూడా తక్కువ పడకూడదు.

బస్సు కొండదారిన పడింది. వెనక సీట్లో సుమన్, దాని నేస్తాలు ముసలివాళ్ల సోకులు చూసి కిచకిచలాడుతున్నారు. కిటికీ పక్కన కూర్చున్న ధోండిబా బయటికి చూపించాడు.

"కరువు పనుల్లో ఈ రోడ్డు వేసినప్పుడు ఈ మలుపు దగ్గరే రాళ్లు కొట్టాం. గుర్తుందా?"

"ఎందుకుండదు? నీ సుత్తికేగా నా వేలు చితికింది."

అతను నవ్వి, ఆమె భుజం మీద తల వాల్చాడు. కొంతదూరం పోయాక ఆ తల మరీ బరువనిపించింది. గయాబాయి అతని చెయ్యి పట్టుకుంది. ముక్కు దగ్గర వేలు పెట్టింది. మళ్లీ పెట్టింది.

గుండెల్లోంచి కేక తన్నుకొచ్చింది. పళ్లబిగువున మింగేసింది. ఇప్పుడు బండి ఆపిస్తే అందరూ దిగిపోతారు, ఫాటాకి ఖాళీ బస్సు పోతుంది. పోయిన మనిషి ఎలాగూ రాడు. శాలువ అతని గడ్డం దాకా లాగి, తనకేసి గట్టిగా పొదువుకుంది.

ఫాటాలో అధికారి ఎక్కాడు. "ఇదేంటి, ఊరు ఊరంతా ఏ పెళ్లికి?"

"నా పెళ్లికే బాబూ. చేసుకుంటావా?" అంది అంజనక్క. బస్సంతా గొల్లుమంది.

అతను లెక్కపెట్టుకుంటూ గయాబాయి దగ్గరికొచ్చాడు. "తాతకేమైంది?"

"జ్వరం బాబూ. దవాఖానాకి."

"పడుకోనీలే అవ్వా," అంటూ అతన్నీ లెక్కలో కలుపుకుని ముందుకి పోయాడు. తరవాతి ఊళ్లో దిగుతూ కండక్టరుతో, "బండి ఉంటుందిలే," అన్నాడు.

బడి దగ్గర పిల్లలు దిగుతుంటే సుమన్ వంగి చూసింది. "తాతా, పోయొస్తా."

"నిద్రపోతున్నాడు. నువ్వు పోవే, గంట కొడతారు."

పిల్ల గేటు దాటేదాకా ఆగి, అప్పుడు ఏడ్చింది గయాబాయి. బస్సులో అందరికీ అర్థమైంది. దవాఖానా ముందు నలుగురూ కలిసి ధోండిబాని దింపారు. డ్రైవరు ఇంజను ఆపేసి, "ఇవాళ్టికి ట్రిప్పు మానేస్తానవ్వా," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

"మానేస్తే సాయంత్రం ఆడపిల్లలెట్లా వస్తారు? నడువు, నడువు."

బస్సు కదిలింది. కిటికీ పక్క సీటు కింద ధోండిబా కాలి టైరు చెప్పొకటి, మడమ దగ్గర పల్చగా అరిగినది, ఉండిపోయింది.