గట్టులో మిగిలిన వేట్లు

పొద్దున్నే రొట్టె, టీ ముగించి, తాపీ, కుంచె, బకెట్టు తీసుకుని గుంతలోకి దిగడం, టర్కీలో ఆ ఎండాకాలమంతా స్రవంతికి ఇదే పని. తిరుపతిలో పురావస్తుశాస్త్రం చదువుతూ, తవ్వకం నేర్చుకోవడానికి వెళ్లింది.

అది పాత యుద్ధభూమి. గురి తప్పిన కత్తివేటు చావదు. నేలలోకి దిగి అట్లే ఉండిపోతుంది. పైమట్టి తీస్తే లేచి తన పని పూర్తి చేస్తుంది. మొదటి వారంలోనే ఇటలీ కుర్రాడొకడికి రెండు వేళ్లు ఎగిరిపోయాయి. పని నేర్పే ఎలిఫ్ మేడం కట్టు కట్టి, "మట్టి సన్నగా ఈల వేస్తే తల వంచండి. ఆలోచించొద్దు" అని అందరికీ మళ్లీ చెప్పింది.

సొంతూరు వడమాలపేటకు తిరిగొచ్చేసరికి నాయనకు కుడిచెయ్యి లేదు. చేని గట్టు తగాదాలో దాయాది మునిరత్నం మోచేతి దాకా నరికేశాడు. అన్న గిరిప్రసాద్ అదే గట్టు మీద మచ్చుకత్తితో అతని మీద పడి, మూడు వేట్లూ తప్పి, బెంగళూరుకు పారిపోయాడు.

"ఆ వేట్లు గట్టులోనే ఉండాయి. ఆ మునిరత్నం గాడే తవ్వుకుంటాడు. నువ్వు నోరెత్తబాకు" అన్నాడు నాయన.

వానలు పడ్డాక మునిరత్నం పారతో గట్టు చెక్కడానికి వచ్చాడు. నాయన చేలో నిలబడి కళ్లార్పకుండా చూస్తున్నాడు. పక్కన కలుపు తీస్తున్న స్రవంతికి ఈల వినబడింది. పళ్లు బిగబట్టింది. ఆగలేకపోయింది.

"తల వంచు చిన్నాయనా!"

మునిరత్నం వంగాడు. వేటు అతని చెవిని కోసుకుపోయింది. రక్తం భుజం మీదుగా పంచెలోకి కారింది. నాయన కాండ్రించి ఉమ్మి ఇంటిదారి పట్టాడు.

"గిరిదేనా?" అన్నాడు మునిరత్నం, చెవి మీద తుండుగుడ్డ అదిమి.

"అవును. ఇంకా రెండుండాయి."

"యాడ?"

"చూపిస్తా. పార మొరటు. నీ కొడవలి ఇట్లియ్యి."

గిరి కోసమే అతను నడుముకు దోపుకుని తిరుగుతున్న కొడవలి అది. పిడి మీది చెయ్యి చాలాసేపు వదల్లేదు. చివరికి ఇచ్చేసి, ఆమె వెనక మోకాళ్ల మీద కూర్చున్నాడు.

పొద్దు వాలేసరికి మిగిలిన రెండు వేట్లూ వంచిన తలల మీదుగా ఎగిరిపోయి, గట్టు ఖాళీ అయింది. మునిరత్నం కొడవలి వెనక్కి అడగలేదు. "మీ అన్నను రమ్మను పాపా" అని మాత్రం అన్నాడు.

ఇంట్లో రోజూలాగే స్రవంతి నాయనకు సంగటి కలపబోయింది. ఆయన కంచం తనవైపు లాక్కుని, ఎడమచేత్తో తనే కలుపుకున్నాడు.