అట్ట మీద పేరు

ఆదివారం మోటార్ల రిపేరు షాపుకి సెలవు. మెకానిక్ పొద్దున్నే టీ తాగి, గ్రామఫోను రికార్డుని మెత్తటి గుడ్డతో తుడిచి, ముల్లు ఆనించి కళ్ళు మూసుకుని కూర్చునేవాడు.

ఇరవై రెండేళ్ళ కిందటి రికార్డు అది. అప్పుడాయన రాక్ బ్యాండులో డ్రమ్ములు వాయించేవాడు. పాడేది చెల్లెలు. రేకుల షెడ్డులో నాలుగు రోజులు రికార్డు చేశారు. మూడో పాట మధ్యలో వాన పట్టుకుంది. చినుకుల చప్పుడు కూడా బాగుందని అలాగే ఉంచేశారు. ఆ రికార్డుతో ఊరూవాడా వాళ్ళ పాటే అయింది. గిటారు వాయించే బక్కోడికి పిల్లనిస్తామని నలుగురు వెంటపడ్డారు.

పాటలన్నీ రాసింది చెల్లెలే. అట్ట మీద మాత్రం 'రచన' అన్నచోట అన్న పేరు పడింది. "బ్యాండు నడిపేది మీరేగా, మీ పేరైతే బరువుగా ఉంటుంది" అన్నాడు కంపెనీ మేనేజరు. అన్న కాదనలేదు. అచ్చయి వచ్చిన రికార్డుల పెట్టె విప్పినప్పుడు చూసింది చెల్లెలు.

"నువ్వే వెయ్యమన్నావా అన్నయ్యా?"

"వాళ్ళే వేశారు."

"వద్దని చెప్పలేదా?"

ఆయన పెట్టె మూత మూసేశాడు. ఆ సాయంత్రమే ఆమె ఊరు వదిలి వెళ్ళిపోయింది. రెండో రికార్డుకి పాటల్లేవు. బ్యాండు చెట్టుకొకరు పుట్టకొకరు అయింది.

ఆమెతోపాటే రికార్డులో గొంతుకీ వయసు పెరుగుతూ వచ్చింది. కొన్నవాళ్ళందరి ఇళ్ళలోనూ అంతే. "ఇప్పుడే నయం, కాస్త నిండుదనం వచ్చింది" అనుకునేవాళ్ళు జనం. మెకానిక్‌కి మాత్రం చెల్లెలి క్షేమం తెలిసేది అందులోనే. ఒక ఏడాది గొంతు జోలపాటలా మెత్తబడితే, బిడ్డ పుట్టి ఉంటుందని మొగుడూ పెళ్ళాలు సంబరపడ్డారు.

"ఒక్కసారి వెళ్ళి రాకూడదూ?" అనేది భార్య.

"ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?" అనేవాడు. చెల్లెలి చిరునామా పదేళ్ళుగా ఆయన పర్సులోనే ఉంది.

ఒక ఆదివారం నాలుగో పాట సగంలో గొంతు ఆగిపోయింది. గిటారు, డ్రమ్ములు సాగుతూనే ఉన్నాయి. భార్య వంటింట్లోంచి పరుగున వచ్చేసరికి ఆయన చెప్పులేసుకుంటున్నాడు.

తలుపు తీసింది చెల్లెలే. మెడకి కట్టు ఉంది. ఆయన గుమ్మంలోనే కూలబడ్డాడు.

"బతికే ఉన్నావా తల్లీ!"

ఆమె ఆయన్ని లేపి బల్ల దగ్గర కూర్చోబెట్టి, కాగితం మీద రాసింది: "పోయిన వారం గొంతుకి ఆపరేషన్. ఈ పొద్దున మాట పూర్తిగా పోయింది, ఇక రాదు. నీకెలా తెలిసింది?"

"రికార్డు. ప్రతి ఆదివారం వింటాను."

"ఇరవై రెండేళ్ళూనా?" అని రాసింది.

తలూపాడు.

"మరి నాకు గొంతున్నప్పుడు ఒక్కసారైనా రాలేకపోయావా?"

"తప్పు నాదేనమ్మా. అప్పుడే వద్దనాల్సింది."

ఆమె కాగితం పక్కకి జరిపింది. తర్వాత లోపలికి వెళ్ళి నోటు పుస్తకాల కట్ట తెచ్చింది. ఇన్నేళ్ళలో రాసి, ఎవరికీ వినిపించని పాటలు. మొదటి పేజీ తెరిచి, "పాడు" అని రాసింది.

"నాకు పాడటమెక్కడొచ్చే!"

ఆమె ఆ మాట కింద గీత గీసింది.

ఆయన అపస్వరంలోనే అందుకున్నాడు. తప్పినచోటల్లా ఆమె వేలితో బల్ల మీద కొట్టింది. సాయంత్రం దాకా కొడుతూనే ఉంది.